వానకు మెత్తబడే కెరుపుక్

తెతె రొమ్లాను ఎవరైనా ‘పాపం’ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మొగుడు పోయినావిడ, పిల్లా జెల్లా లేరు, పాపం ఒక్కతే ఆ ఫ్యాక్టరీని ఈడ్చుకొస్తోంది అంటారు. పాపం ఎవరండీ? ఆవిడ నోట్లో పడ్డవాళ్ళు పాపం! అయినా ఈడ్చుకురావడమేమిటి, అదేమన్నా చచ్చిన గొడ్డా?

మా సుండా భాషలో తెతె అంటే అక్క. వయసులో ఆవిడ నాకంటే బాగా చిన్నది. అయితేనేం, అన్నం పెట్టే మనిషిని పేరు పెట్టి పిలుస్తామా? నన్ను మాత్రం ఆవిడ మాంగ్ ఇకిన్ అంటుంది, బాబాయ్ అన్నట్టు. నా తల నెరిసిందే ఆ ఇంటి కెరుపుక్‌లు సైకిలు మీద అమ్మి.

మా బాండుంగ్ ఊళ్ళో కెరుపుక్ లేకపోతే ముద్ద దిగదు. పులుసు తాగినా, నూడుల్స్ తిన్నా, వట్టి అన్నం మిరపకారంతో కలుపుకున్నా, పక్కన కరకరమని ఒకటి నమలాల్సిందే. కర్రపెండలం పిండి, వెల్లుల్లి, ఉప్పు, కాస్త రొయ్యల ముద్ద. సేమ్యాలా ఒత్తి, చుట్టలు చుట్టి, ఆవిరికి పెట్టి, తడికల మీద ఎండబెట్టి నూనెలో వేస్తే అరచేయంత పువ్వు. చెప్పడానికి అంతే. చేసి చూస్తే తెలుస్తుంది మజా.

ప్రతి తిండి కొట్టులోనూ మా డబ్బా ఒకటి ఉంటుంది. చదరపు రేకు డబ్బా, ముందు అద్దం, నీలం రంగు మీద పసుపు అక్షరాలతో ‘కార్నా’ అన్న పేరు. కార్నా అంటే తెతె మొగుడు. మేం పొద్దున్నే డబ్బా నింపుతాం, సాయంత్రం అమ్ముడైనంతకే లెక్క. మెత్తబడ్డవి ఉంటే ఎవరూ చూడకుండా సంచిలో వేసుకుని వచ్చేస్తాం. డబ్బాలో ఒక్కటి మెత్తబడిందని జనం చూశారా, మాకు తల కొట్టేసినట్టే. దొంగతనం చేసి పట్టుబడ్డా అంత సిగ్గుపడం.

కార్నా పేరుకు తగ్గట్టు దానకర్ణుడే. అడిగినవాడికల్లా ఇచ్చాడు, గుండె ఆగి పోయాడు. ఏడో రోజు ప్రార్థనలకు వచ్చినవాళ్ళు ఇంకా చాపల మీదే ఉన్నారు, ఆయన అన్నగారు హాజీ కొసిమ్ గొంతు సవరించుకున్నాడు.

“అమ్మాయ్, ఇదంతా మగాళ్ళ పని. ఆ మూకుళ్ళ సెగకి నువ్వేం ఆగుతావ్? అమ్మేసి మా ఇంటికొచ్చెయ్. మీ అక్కకి తోడుగా ఉంటావు.”

“తోడు దేనికి బావగారూ? గిన్నెలు తోమడానికా?”

“అదేం మాట! నీ మంచికేగా చెప్పేది.”

“నా మంచి నాకు తెలుసు. మీరు టీ తాగండి, చల్లారిపోతోంది.”

చాపల మీద ఉన్న మేమందరం తల వంచుకుని గ్లాసుల్లోకి చూసుకున్నాం. నాకైతే నవ్వాగలేదు.

తెతెకు మేమూ పరీక్ష పెట్టాం, అబద్ధమెందుకు. వేపుడు పొయ్యిల దగ్గర ఓజో తాత అని ఒకాయన ఉన్నాడు, మాటకు ముందు దగ్గు వస్తుంది. ఆయన కావాలనే ఆవిణ్ణి పొయ్యి దగ్గరకు రానిచ్చేవాడు కాదు. ఆవిడ గొడవ పెట్టుకోలేదు. రోజూ వచ్చి పక్కనే పీట వేసుకుని కూర్చునేది. చేతులు కాల్చుకుంది, బొబ్బలెక్కించుకుంది, మళ్ళీ వచ్చి కూర్చుంది. మా పనిలో మూకుళ్ళు రెండు. మొదటిదాంట్లో నూనె గోరువెచ్చగా ఉండాలి, చుట్ట అక్కడ నిద్రలేస్తుంది. రెండోది సలసల కాగాలి, అక్కడ ఒళ్ళు విరుచుకుంటుంది. మొదటి మూకుడులోంచి ఎప్పుడు తీయాలన్నదే విద్యంతా. ఒకరోజు తాత దగ్గులో ఉండగా ఆవిడే జల్లిగరిటె లాక్కుని సరిగ్గా సమయానికి తీసింది. తాత చూశాడు. మర్నాడు పీట ఆయనే వేశాడు.

ఇంకోసారి పిండి ధర మండిపోయింది. చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నీ గుట్టుగా చుట్ట సన్నం చేసేశాయి. మేమూ అదే చేద్దామన్నాం.

“జనానికి కళ్ళు లేవా మాంగ్?” అంది తెతె. “ధర పెంచితే తిడతారు. చిన్నది చేస్తే నమ్మడం మానేస్తారు. తిట్లు తింటాను. తిట్లకి కడుపు నొప్పి రాదు.”

ధర పెంచినట్టు కొట్టుకొట్టుకూ తనే వెళ్ళి చెప్పింది. బాగానే తిట్టారు. కొన్నారు కూడా. వానాకాలంలో ఎండ లేక పని ఆగిపోయినా అటక మీద పడుకునే మా అమ్మకందార్లందరికీ అన్నం, ఎండుచేప, కారం తప్పేది కాదు. మా అమ్మకందార్లను కట్టేసే తాడేమీ లేదు, నచ్చకపోతే డబ్బాలు అప్పజెప్పి ఇంకో ఫ్యాక్టరీకి పోవచ్చు. ఏళ్ళ తరబడి ఎవడూ పోలేదు.

అలాంటిది రెండేళ్ళ కిందట ఆ వీడియో వచ్చింది.

ఎవరి చెయ్యో తెలీదు, ఎవరి మూకుడో తెలీదు. కాగే నూనెలో ఒక ప్లాస్టిక్ గొట్టం, అదే జనం చల్లటి టీ పీల్చుకు తాగే పుల్ల, వేసి కరిగిస్తున్నారు. ‘ఇలా చేస్తే ఎన్నాళ్ళయినా కరకరలాడుతుంది’ అని ఒక గొంతు. కింద మాత్రం ‘కార్నా కెరుపుక్ తినేవాళ్ళు జాగ్రత్త’ అని రాశాడు, వాడి చేతులు పడిపోను! ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టేయమన్నట్టు, చూసిన ప్రతివాడూ పదిమందికి పంపాడు. ఏం, కెరుపుక్ కరకరలాడకపోతే ఏడుస్తారు, కరకరలాడితే ప్లాస్టిక్ అంటారా!

అప్పుడు మేం చేసిన తెలివితక్కువ పని చెబుతాను వినండి. మా వృత్తిలో వేపుడు గదిని బయటివాళ్ళకు చూపించం. అది పమాలి, చేయకూడని పని. కొత్త కన్ను పడితే కెరుపుక్ పొంగదని తాతలనాటి మాట. అసలు సంగతి, పక్క ఫ్యాక్టరీ వాడు చూసి నేర్చుకుంటాడని భయం. ఆ భయానికి దయ్యం వేషం కట్టారు. అందుకని మా వేపుడు గదికి వీధివైపు నిలువెత్తు గోడ, దానికి చిన్న కిటికీ. వీడియో వచ్చాక పిల్లకాయలు ఆ కిటికీలోంచి ఫోన్లు దూర్చడం మొదలెట్టారు. ఓజో తాత దగ్గుతూ వచ్చి దానికి చెక్కలు కొట్టేశాడు. మేమూ సాయం పట్టాం. ఇంకేముంది, “చూశారా, ఏదో దాస్తున్నారు!” అని పేటంతా గుప్పుమంది.

పొద్దున్న నింపిన డబ్బాలు నింపినట్టే తిరిగి రాసాగాయి. సందు మొదట్లో మాంసపు ఉండల సూపు అమ్మే ఎనోక్ పిన్ని ఉంది. కార్నా పెళ్ళిలో కొత్త బట్టలు వేసుకుని ఆడిన మనిషి. ఆవిడ మా డబ్బా తీసి రోడ్డు మీద పెట్టింది.

“నిప్పు లేనిదే పొగ రాదు ఇకిన్” అంది, మూతి తిప్పుతూ.

ఈ మాట తెతెకు చెప్పాను. “పొయ్యి పెట్టుకుని బతికేదాన్ని, పొగ రాక పన్నీరు వస్తుందా?” అంది. అంది గానీ ఆ పూట అన్నం తినలేదు. అమ్మకందార్లు ఒక్కొక్కరే డబ్బాలు కడిగి వరసగా పెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళకీ పెళ్ళాం పిల్లలున్నారు, ఏమనగలం? అటక సగం ఖాళీ. ఎండిన చుట్టలు బస్తాల్లో అలాగే ఉన్నాయి. ఇంకొన్ని వారాలు ఇలాగే నడిస్తే ఫ్యాక్టరీ మూతపడుతుందని మా అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే, రాబందుకు కబురందినట్టు, హాజీ కొసిమ్ వచ్చాడు. వెంట ఒక పెద్దమనిషి, ఇస్త్రీ చొక్కా. పేరు విర్యా, యంత్రాలతో కెరుపుక్ చేసే పెద్ద కంపెనీలో మేనేజరు. ఏ ఎండకా గొడుగు పట్టే మా హాజీగారు ఆయనకు కుర్చీ తుడిచి మరీ వేశాడు.

“మీ కష్టం మాకర్థమైందమ్మా” అన్నాడు విర్యా. “మీ పేరు, మీ డబ్బాలు మాకిచ్చేయండి. సరుకు మా దగ్గర తయారవుతుంది. మీరు పొయ్యి ఆర్పేసి హాయిగా కూర్చోవచ్చు. నెలనెలా మీ వాటా మీకొస్తుంది.”

“నా డబ్బాలో మీ కెరుపుకా?”

“జనం పేరు చూసే కదమ్మా కొనేది.”

“ఆ పేరు చూసే ఇప్పుడు కొనడం లేదుగా. మరి మీకెందుకండీ అది?”

విర్యా నవ్వేసి హాజీ వైపు చూశాడు. తెతె ఆయన మొహం వంకే చూస్తూ కూర్చుంది. హాజీ కల్పించుకున్నాడు.

“అంత పొగరు పనికిరాదు రొమ్లా. కుండ మూతి మూయగలం గానీ లోకం నోరు మూయలేం. మా తమ్ముడి పేరైనా మిగలనీ.”

“మిగిలేది పేరొక్కటే అయితే అది సమాధి రాయి మీదుంది బావగారూ, వెళ్ళి చూసుకోండి. ఇక్కడ ఫ్యాక్టరీ ఉంది.”

వాళ్ళు వెళ్ళాక నాతో అంది: “చూశావా మాంగ్? ఈ పుకారు నాలుగు రోజులకి చల్లారిపోతుందని ఆయనకి తెలుసు. తెలియకపోతే పాడైన పేరు ఎవడన్నా కొంటాడా? అది చల్లారేలోపు మనం చావాలి, అంతే వాళ్ళకి కావలసింది. నేను చావను.”

మర్నాడు సన్నగా వాన పడుతోంది. తెతె చేతులు పైకి మడుచుకుని, సమ్మెట పట్టుకుని వేపుడు గది గోడ ముందు నిలబడింది. కప్పు స్తంభాల మీద ఉంది కాబట్టి గోడ పోయినా పడిపోదు. ఆ సంగతి ముందే చూసుకుంది. ఓజో తాత పరుగెత్తుకొచ్చాడు.

“పమాలి తల్లీ! వీధి కళ్ళన్నీ నూనెలో పడితే ఒక్కటీ పొంగదు!”

“ఇప్పుడు పొంగి ఎవరికి అమ్ముతున్నావ్ తాతా?”

మొదటి దెబ్బ ఆవిడే వేసింది. ఇటుక కదల్లేదు, ఆవిడ భుజం కదిలింది. రెండో దెబ్బ నేను వేశాను. అటక మీద మిగిలినవాళ్ళు దిగొచ్చారు. తిట్టుకుంటూనో, ఏడ్చుకుంటూనో మధ్యాహ్నం నమాజు లోపల గోడ నేలమట్టం చేశాం. చప్పుడుకు పేటంతా గొడుగులేసుకుని వచ్చింది. ముందు వరసలో ఎనోక్ పిన్ని, చేతిలో తన కొట్టు టీ గ్లాసుతో సహా. వెనకాల హాజీ కొసిమ్ కూడా.

తెతె పొయ్యిలు వెలిగించమంది. ఓజో తాత బిస్మిల్లా అని చుట్టలు వదిలాడు. మొదటి మూకుడు దాటాయి. రెండోదాంట్లో వేశాడు. అంత జనం కళ్ళూ నూనెలోనే ఉన్నాయి. ఎప్పటిలాగే తెల్లగా, నిండుగా విచ్చుకున్నాయి. తాత దగ్గడం కూడా మరిచిపోయాడు. తాతలనాటి మాట మా కళ్ళముందే అబద్ధమైపోయింది, దానికోసం ఇన్నేళ్ళు చీకట్లో చెమటలు కార్చామా అని నాకు కోపం వచ్చింది.

అయితే జనం అంత తేలిగ్గా ఒప్పుకుంటే జనం ఎలా అవుతారు?

“ప్లాస్టిక్ పిండిలోనే కలిపేసుంటారు” అన్నాడొకడు.

“ఉండండి, నే చూపిస్తా” అని ఎనోక్ పిన్ని ఒక కెరుపుక్ తీసుకుని లైటరు వెలిగించింది. భగ్గున మండింది. “చూశారా! ఫోన్లో చెప్పారు, మండితే ప్లాస్టిక్కే!”

“నూనెలో వేగింది మండదా పిన్నీ?” అని నేనరిచాను. “నీ బుర్ర నూనెలో వేయిస్తే అదీ మండుతుంది!”

“నా బుర్రనంటావురా ముసలోడా!”

“ఆగు మాంగ్” అంది తెతె. ఎనోక్ పిన్ని దగ్గరకు వెళ్ళి నిలబడింది. “ప్లాస్టిక్ ఎందుకేస్తామంటున్నారు పిన్నీ?”

“ఎన్నాళ్ళున్నా కరకరలాడ్డానికి. లోకమంతా అదేగా అంటోంది.”

“సరే. ఆ గ్లాసులో పుల్ల ఇలా ఇవ్వండి.”

ఆ ప్లాస్టిక్ పుల్ల తుడిచి, కూలిన ఇటుకల మీద ఒక పళ్ళెం పెట్టి అందులో వేసింది. పక్కనే మూకుడులోంచి అప్పుడే తీసిన కెరుపుక్‌లు పరిచింది. పైన చూరు ఉంది, చినుకు పడదు. వానగాలి మాత్రం వీస్తోంది.

ఏం చేయబోతోందో నాకు అర్థమైంది. నమ్మండి, ఆవిడ నడివీధిలో బట్టలు విప్పినా అంత కంగారుపడేవాణ్ణి కాదు.

“తెతె, వద్దు” అన్నాను చెవిలో. “మెత్తబడతాయి.”

“మెత్తబడాలనే” అంది.

“జనం ముందా! రేపు మొహమెలా ఎత్తుకుంటాం?”

“ఈ మొహంతోనే. ఇంకోటి లేదు.”

అందరికీ టీ పెట్టించింది. కొందరు వెళ్ళారు, వెళ్ళినవాళ్ళు ఇంకొందర్ని వెంటబెట్టుకుని వచ్చారు. వాన ఆగలేదు. నేను ఆ పళ్ళెం వంక చూడలేక నూనె డబ్బా మీద కూర్చుని నేల చూస్తున్నాను. చివరికి మసీదులో అసర్ పిలుపు, అంటే సాయంత్రపు నమాజు పిలుపు, వినబడింది. తెతె లేచి పుల్లను ఎనోక్ పిన్ని చేతికిచ్చింది.

“వంచండి.”

పిన్ని వంచింది. టక్కున మళ్ళీ నిటారుగా లేచింది పుల్ల. తెతె ఒక కెరుపుక్ తీసి పైకెత్తి పట్టుకుంది. అందరూ చూస్తుండగా అది తడిసిన గుడ్డలా చెయ్యి మీదుగా వాలిపోయింది.

హాజీ కొసిమ్ ఆగలేకపోయాడు.

“ఛీ ఛీ! మెత్తబడ్డ సరుకు పదిమందికి చూపిస్తావా? మా తమ్ముడి పరువు బజారున పడేశావు కదే!”

అప్పుడు చూడాలి తెతెను. గొంతు పెంచలేదు, పైగా నవ్వింది.

“అవును బావగారూ, మెత్తబడింది. అందరూ చూడండి. నా కెరుపుక్ వానకి మెత్తబడుతుంది, ఎందుకంటే అది పిండి. అది తిండి. మెత్తబడనిది కావాలంటే ఆ పుల్ల నమలండి.” చేతిలోది నోట్లో పెట్టుకుని రబ్బరు నమిలినట్టు నమిలి మింగింది. “ఈ గోడ మళ్ళీ కట్టను. ఎవరికి అనుమానమొస్తే వాళ్ళు వచ్చి ఇక్కడ నిలబడండి. తెల్లారిందగ్గర్నుంచి పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. మీరు కొన్నా వెలుగుతుంది, కొనకపోయినా వెలుగుతుంది.”

ఆ చివరి మాట వట్టి బింకమని నాకు తెలుసు. కొనకపోతే కట్టెలకు కూడా దిక్కులేదు. అయినా నా కళ్ళు తడిశాయి, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఎవరో వెనకనుంచి ఫోన్‌లో అదంతా తీశారు. వాలిపోయిన కెరుపుక్ ఊరంతా తిరిగింది. నిజం నిదానస్తురాలు, అబద్ధం తిరిగినంత తొందరగా తిరగలేదు. ముందు పిల్లలు వచ్చారు. తర్వాత పక్క పేట వాళ్ళు. వచ్చి నిలబడి చూస్తారు, చూసినవాడు ఊరికే పోలేక వేడివేడిగా రెండు కొనుక్కుంటాడు. వెళ్ళిపోయిన అమ్మకందార్లలో సగం మంది తల వంచుకుని తిరిగొచ్చారు. తెతె “అన్నం తిన్నారా?” అంది, అంతే. నేనైతే నాలుగు దులుపుదును.

ఎనోక్ పిన్ని క్షమాపణ చెప్పిందనుకుంటున్నారా? ఆవిడా! ఒకరోజు నా సైకిలు ఆపి, “నా డబ్బా ఏదిరా?” అంది, మేమే ఎత్తుకుపోయినట్టు. తెతెకు చెబితే పకపకా నవ్వి, అన్నిటికంటే కొత్త డబ్బా ఏరి పంపింది. ఇప్పుడు పిన్ని కొట్టులో మెత్తబడ్డది కనిపిస్తే ఆవిడే పైకెత్తి, “అసలు సరుకు! చూడండి ఎలా వాలిందో!” అని గిరాకీలకు చూపిస్తుంది. నాకు మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది, సంచిలో దాచేస్తాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి.

హాజీ కొసిమ్ పండగకొచ్చినప్పుడు, గోడకు ఇటుకలు తనే పంపిస్తానన్నాడు. “మీ ఇంటికే కట్టించుకోండి బావగారూ, వానజల్లు కొడుతోందటగా” అంది తెతె.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు, డబ్బాలు సైకిలుకు కట్టుకుంటుంటే, ఇస్త్రీ చొక్కాలవాళ్ళు ముగ్గురు వచ్చి మా పొయ్యిల ముందు నిలబడ్డారు. అందులో ఒకడు విర్యా. ఫోన్లు ఎత్తి మూకుళ్ళు తీస్తున్నారు, ఓజో తాత చేతులు తీస్తున్నారు, మొదటి మూకుడులోంచి ఎప్పుడు తీస్తాడో కూడా తీస్తున్నారు. నాకు నెత్తురు మరిగింది. సైకిలు అక్కడే పడేసి పరిగెత్తుకెళ్ళి వాళ్ళకూ పొయ్యికీ మధ్య చేతులు చాపి నిలబడ్డాను.

“పొండి! ఇదేమన్నా సినిమానా?”

పిండి కలుపుతున్న తెతె తలెత్తింది. చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

“జరుగు మాంగ్, వాళ్ళకి కనబడ్డం లేదు” అంది.

“తెతె, వీళ్ళు మన పని దొంగిలించడానికొచ్చారు!”

“నేర్చుకోనీ. ఓజో తాత పక్కన పీటేస్తాను, చేతులు కాల్చుకుంటూ కూర్చుంటే వచ్చేస్తుంది.” తర్వాత విర్యా వైపు తిరిగింది. “బాగా చూడండి సార్, ఎంతసేపైనా చూడండి. మా మాంగ్ కూడా మీ ఫ్యాక్టరీ చూడాలని ముచ్చటపడుతున్నాడు. మీ గోడ ఎప్పుడు పడగొడుతున్నారు?”

విర్యా ఫోను జేబులో పెట్టుకున్నాడు. పక్కనున్న ఇద్దరూ ఆయన్ని చూసి వాళ్ళవీ పెట్టుకున్నారు.